రెండో ఘాట్‌లో మంచు

పొద్దున లేవగానే వీధి తలుపు గడియ తాను వేసినట్టే ఉందా, లేక ఎవరైనా తీసి మళ్ళీ వేశారా అని పరీక్షగా చూసుకోవడంతో దేవరాజులు రోజు మొదలయ్యేది. తర్వాత పాలచెంబులో వేలు ముంచి అందులో నీళ్ళ వాటా ఎంతో తేల్చేవాడు. చెప్పులు పెట్టినచోటే ఉన్నాయో లేదో చూసుకునేవాడు. డిపోకు పోయాక బస్సు చుట్టూ మూడుసార్లు తిరిగి, మెకానిక్కు బిగించిన నట్లన్నీ తన చేత్తో మళ్ళీ బిగించేవాడు. మెకానిక్కులకు ఒళ్ళు మండేది గానీ ఆయన్ని ఏమీ అనలేకపోయేవారు. పంతొమ్మిదేళ్ళుగా తిరుమల కొండకు బస్సు ఎక్కించి దించుతున్న మనిషి, బస్సుకు ఒక్క గీత కూడా పడనివ్వలేదు. ఆ మంచి పేరు ఆయన అనుమానం వల్లే వచ్చిందని డిపోలో అందరూ ఒప్పుకునేవారు.

డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి. అంతకు ముందు, అందరు ఘాట్ డ్రైవర్ల లాగానే, తిరుపతి బస్టాండు వెనక సందులో బాలసుబ్రమణ్యం వీడియో గేముల అంగడికి పోయి ఒక ఆట ఆడేవాడు.

బాలసుబ్రమణ్యం చిత్తూరు మనిషి. ఎనభై నాలుగులో మద్రాసు నుంచి లారీ మీద ఒక కారు ఆట యంత్రం తెచ్చాడు. కూర్చోవడానికి సీటు, తిప్పడానికి స్టీరింగు, తొక్కడానికి బ్రేకు, ఎదురుగా టీవీ లాంటి తెర. దాని నెత్తిన ఇంగ్లీషులో ఏదో పేరు రాసి ఉండేది. ఆ పేరు ఎవరూ పలకలేదు, పలకాల్సిన అవసరమూ రాలేదు. వచ్చిన వారానికే శాంతయ్య అనే పెద్ద డ్రైవరు ఆడి, లేచి, ఇది మన దిగుడు రోడ్డే అన్నాడు. వంపులు లెక్కపెట్టి చూస్తే సరిగ్గా సరిపోయాయి. కొండకు రెండు రోడ్లున్నాయి. పాతది మొదటి ఘాట్, దాని మీద దిగుతారు. తర్వాత వేసింది రెండో ఘాట్, దాని మీద ఎక్కుతారు. కాబట్టి ఆ యంత్రానికి మొదటి ఘాట్ అనే పేరు స్థిరపడిపోయింది.

ఆ రోజు కొండమీద ఏ వంపులో రాయి పడబోతోందో, పొద్దున ఆటలో ఆ వంపులో రాయి కనిపించేది. చెట్టు కూలేదైతే చెట్టు. డ్రైవర్లు చూసి వచ్చి చెప్పేవారు, డిపోలో కంట్రోలరు రాసుకునేవాడు. "ఈరోజు ఆటలో ఏముండాదబ్బా?" అని అడిగి, కాఫీ తాగినంత మామూలుగా బస్సుల్ని పది నిమిషాలు ఆపేవాడు. రాయి పడేది, తీసేవారు, బస్సులు పోయేవి. మూడేళ్ళుగా అలాగే జరుగుతోంది.

ఎనభై ఏడు కార్తీకమాసంలో బాలసుబ్రమణ్యం ఆ ఆటకే రెండో భాగం తెచ్చాడు. అంగట్లో తగువు ఆ రోజే మొదలైంది.

రెండోదాని హంగు చెప్పనలవి కాదు. తెర పెద్దది. ఆకాశం నీలంగా, పక్కన సముద్రం, కొబ్బరిచెట్లు, కారుకు ఎర్రరంగు. వంపు తిరిగితే సీటు కూడా ఒరిగేది. మూడు రకాల పాటలు, కావలసింది పెట్టుకోవచ్చు. కుర్ర డ్రైవరు ధనంజయ మొదటి రోజే దాని పక్షం చేరిపోయాడు.

"ఇంక ఆ పాతదాన్ని నాయుడుపేటలో ఎవరికన్నా ఇచ్చేయ్ సామీ. దీని ముందర అదేమి ఆట? రోడ్డు, గీతలు, అంతే గదా" అన్నాడు.

"రోడ్డు ఆటలో రోడ్డు గాక ఏముండాలప్పా? కొబ్బరికాయలా?" అన్నాడు శాంతయ్య.

"రెండోది ఎప్పుడూ రెండో డికాషన్ మాదిరే. వాసన ఉంటాది, సత్తువ ఉండదు" అన్నాడు దేవరాజులు.

"అట్లయితే రెండో ఘాట్ రోడ్డు గూడా రెండో డికాషనేనా? దాని మీదనే గదన్నా రోజూ ఎక్కేది నువ్వు" అని ధనంజయ ఎదురడిగాడు.

దేవరాజులు దగ్గర దానికీ జవాబు ఉంది. మొదటి రోడ్డు మనిషిని డ్రైవరును చేస్తుందనీ, రెండో రోడ్డు డ్రైవరుకు నిద్ర తెప్పిస్తుందనీ అన్నాడు. ఆ మాట మీద అరగంట రభస నడిచింది. కంట్రోలరు మనిషిని పంపితే గానీ ఎవరూ డిపోకు కదల్లేదు.

రంగుల సంగతి పక్కన పెడితే డ్రైవర్లకు కావలసింది వేరు. మొదటి భాగం దిగే రోడ్డు సంగతి చెబుతున్నప్పుడు, రెండో భాగం ఎక్కే రోడ్డు సంగతి చెప్పి తీరాలి. ఇందులో ఎవరికీ సందేహం రాలేదు. రెండు రోడ్లున్న ఊళ్ళో రెండు ఆటలుంటే ఇంకేమనుకుంటారు? పలకల మీద రాసుకుని మరీ వంపులు లెక్కపెట్టారు. కుదరలేదు. ఒకరోజు ఎక్కే రోడ్డు మీద గంపంత రాయి జారింది. ఆ పొద్దున రెండో ఆటలో కొబ్బరిచెట్లు తప్ప ఏమీ లేవు. దాంతో రెండోది అబద్ధాలు చెబుతుందనే పేరు పడింది.

దేవరాజులుకు అది చాలలేదు. అబద్ధం చెప్పేది యంత్రమా, యంత్రం చేత చెప్పించేది బాలసుబ్రమణ్యమా అనేది ఆయన అనుమానం. ఎందుకంటే ఆయన ఎప్పుడు ఆడినా రెండో ఆటలో తెర ఎడమ వైపున మంచు పట్టేది. కార్తీకంలో కొండమీద పట్టే లాంటి మంచే, తెల్లగా, దట్టంగా. దాంట్లోంచి ఒక లారీ ముక్కో, ఒక గోడ మూలో హఠాత్తుగా బయటికొచ్చి కారుకు తగిలేది. ఆట అయిపోయేది. రోజురోజుకూ మంచు కొంచెం కొంచెంగా తెర మధ్యకు జరుగుతోంది కూడా.

పంతొమ్మిదేళ్ళు గీత పడని మనిషి బొమ్మ కారును రెండు నిమిషాలు నడపలేకపోవడమంటే అందులో ఏదో కుట్ర ఉండాలి. ఒకరోజు యంత్రం వెనక్కి వంగి చూశాడు. బల్లి కనిపించింది. బాలసుబ్రమణ్యం కూర్చునే బల్ల కింద మీట ఏదైనా ఉందేమోనని తడిమాడు. అతని చెప్పులు చేతికి తగిలాయి.

"ఏం వెతుకుతా ఉండావు సామీ?" అన్నాడు బాలసుబ్రమణ్యం.

"ఏం లేదులే. ఆట బిళ్ళ పడిపోయింది" అన్నాడు దేవరాజులు.

తమాషా ఏమంటే మిగతా డ్రైవర్లకు కూడా రెండో ఆట మీద ఫిర్యాదులున్నాయి గానీ ఎవరూ నోరు విప్పి చెప్పుకోలేదు. తన కిటుకు ఇంకొకడు చూసి నేర్చుకుంటాడేమోనని, రెండో ఆట ఆడేటప్పుడు పక్కన ఎవరినీ నిలబడనిచ్చేవారు కాదు. ఓడిపోయినవాడు మిషను బాగాలేదని గొణుక్కుంటూ లేచేవాడు, తర్వాతివాడు మనసులో నవ్వుకుంటూ కూర్చునేవాడు. కాబట్టి ఒకరి తెర మీద ఏం కనబడుతోందో ఇంకొకరికి తెలియదు.

ఇంట్లో కూడా దేవరాజులు మీద కుట్రలు జరుగుతున్నట్టే ఉండేవి. భోజనానికి కూర్చుంటే మజ్జిగ చెంబు ఉండేది కాదు. "మజ్జిగ ఏదిమే?" అని అరిస్తే భార్య వరదమ్మ వచ్చి పక్కనే ఉన్న చెంబు చూపించేది. ఇప్పుడే తెచ్చి పెట్టి ముందే పెట్టానంటోందని ఆయనకు గట్టి నమ్మకం. నడవాలో ఎడమ పక్క స్తంభం భుజానికి కొట్టుకుంటే, ఇంటికి సున్నం వేయించినప్పుడు మేస్త్రీ దాన్ని లావు చేశాడన్నాడు. వరదమ్మ ఐరాల ఊరి పిల్ల, మాట పొదుపు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమె భర్త అనుమానాలకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేసింది. ఈమధ్య మాత్రం ఆయన తింటున్నప్పుడు ఎదురుగా కూర్చుని ఆయన ముఖంలోకి చూస్తూ ఉండేది. అది గమనించి దేవరాజులు ఆమెను కూడా అనుమానించాడు.

ఆఖరికి ఆయనే ఒక ఏర్పాటు చేశాడు. శుక్రవారం పొద్దున పదింటికి, అందరి ఎదుటా, ముగ్గురు డ్రైవర్లు రెండు ఆటలూ ఆడాలి. మొదటిది గొప్పదో రెండోది గొప్పదో అక్కడే తేలిపోవాలి. పైకి చెప్పింది అది. బాలసుబ్రమణ్యం చెయ్యి మీట మీదికి పోకపోతే మంచు పట్టదని అందరి ముందూ రుజువు చేయాలన్నది లోపలి మాట. అందుకే బాలసుబ్రమణ్యాన్ని ముందే పిలిచి, ఆట జరిగినంతసేపూ చేతులు రెండూ నెత్తిన పెట్టుకుని నిలబడాలని షరతు పెట్టాడు. పాపం అతను ఒప్పుకున్నాడు.

ఆ శుక్రవారం పొద్దున ఇంట్లో పెద్ద గొడవైంది. క్యారియరు కట్టలేదని దేవరాజులు అరిచి, తినకుండానే బయల్దేరాడు. వరదమ్మ గడప ఎడమ పక్క చూసింది. కట్టిన క్యారియరు అక్కడే ఉంది. ఆయన దాన్ని దాదాపు తొక్కి పోయాడు. ఆమె చీర సర్దుకుని, క్యారియరు చేత పట్టుకుని బస్టాండు దారి పట్టింది.

అంగట్లో ముందు మొదటి ఆట ఆడారు. దిగే రోడ్డు ఆ రోజు అద్దంలా ఉంది, ఒక్క రాయి లేదు, ఒక్క కొమ్మ లేదు. ముగ్గురూ చివరిదాకా నడిపారు. దేవరాజులుకు ఆ రోడ్డు కంఠతా వచ్చు, చూడకపోయినా చేతులే తిప్పుకుంటాయి.

తర్వాత రెండోది. శాంతయ్య కూర్చున్నాడు. కారు బాగానే పోతోంది. ఉన్నట్టుండి తెర నల్లబడి, రెండు క్షణాలాగి మళ్ళీ వెలిగింది. కాసేపటికి మళ్ళీ అదే. మూడోసారి వెలిగేసరికి కారు సముద్రంలో ఉంది.

"నాకు రోజూ ఇంతే. కరెంటు సరిగా లేదు దీనికి" అన్నాడు శాంతయ్య.

"నాకు ఎప్పుడూ కరెంటు పోలేదే" అంటూ ధనంజయ కూర్చున్నాడు. అతని కారు వంపు దగ్గర ఆగలేదు. బ్రేకు మీద నిలబడినంత గట్టిగా తొక్కాడు. కారు ఇంకా వేగం పుంజుకుని కొబ్బరిచెట్టును గుద్దింది.

దేవరాజులు స్టీరింగు పట్టుకున్నాడు. ఎడమ వైపు మంచు లేచింది. ఈసారి అది తెరలో సగం దాకా వచ్చింది. గుంపులో అందరూ చూశారు. మంచులోంచి గోడ వచ్చింది, ఆట అయిపోయింది.

ఆయన లేచి విజయం సాధించినట్టు చుట్టూ చూశాడు. "సూసినారా? ముగ్గురికి మూడు రకాల మోసం. ఒకరికి కరెంటు, ఒకరికి బ్రేకు, నాకు మంచు. ఇది మిషను చేసే పని కాదు. ఈయప్ప ఎవరికి ఎట్ల చెయ్యాలనో ముందే అమర్చి పెట్టినాడు."

బాలసుబ్రమణ్యం నెత్తి మీద చేతులు తీయకుండానే ఏడుపు ముఖం పెట్టాడు. "ఆ కొండమీద సామి సాక్షి. దీన్ని తుడవడం తప్ప నాకేమీ తెలవదు సామీ."

"మంచు ఎడమ పక్కనే ఎందుకు పడతాది?" అని దేవరాజులు గద్దించాడు.

"నేను పెట్టే మజ్జిగ చెంబు యాడుండాదో, ఆ మంచు గూడా ఆడనే ఉండాది."

అందరూ తిరిగారు. వరదమ్మ క్యారియరుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె లోపలికి నడిచి భర్త పక్కన నిలబడింది.

"నా వైపు తిరగబాకు. ఆ టీవీనే సూడు" అంది. "నేనిప్పుడు ఏం చేస్తా ఉండాను?"

"ఏం చేస్తావు? ఊరికే నిలబడుండావు" అన్నాడు దేవరాజులు విసుగ్గా.

వరదమ్మ ఆయన ఎడమ చెవికి జానెడు దూరంలో, నాలుగు గిన్నెల ఇత్తడి క్యారియరును భుజం ఎత్తున పట్టుకుని ఉంది.

శాంతయ్య మెల్లగా వచ్చి ఆయన కుడి కన్నును అరచేత్తో మూశాడు. దేవరాజులుకు అంగడి మాయమైంది. ముందు వైపు ఒక చిన్న వెలుతురు సందు మిగిలింది, అంతే. ఆ చెయ్యి తోసేశాడు. మొన్న కళ్ళ పరీక్షలో డాక్టరు పెట్టిన అక్షరాలన్నీ గడగడా చదివానని అన్నాడు. మీరంతా కలిసి ఆడుతున్న నాటకమన్నాడు. నువ్వు కూడా వాళ్ళతో చేరావా అని వరదమ్మను అడిగాడు. లోకంలో అందర్నీ అనుమానించిన మనిషికి తన కన్నును అనుమానించాలని తోచకపోవడం అక్కడున్న వాళ్ళకు జాలి పుట్టించింది.

ధనంజయ అప్పటికే తన కాళ్ళవైపు చూసుకుంటున్నాడు. ప్రయాణికులు అతని వేగం మీద రెండుసార్లు ఫిర్యాదు చీటీలు రాసిచ్చారు, అతను రెండింటినీ చించేశాడు. తిన్నాక స్టీరింగు మీద తన రెప్పలు వాలే సంగతి శాంతయ్యకు మాత్రమే తెలుసు, ఇప్పుడు అందరికీ తెలిసింది. రెండో భాగం రెండో రోడ్డు సంగతి చెప్పడం లేదని, మొదటినుంచీ సీట్లో కూర్చున్నవాడి సంగతే చెబుతోందని ఎవరూ పైకి అనలేదు.

దేవరాజులు గడియారం చూశాడు. పన్నెండు కావస్తోంది. ఘాట్ డ్యూటీ వదిలేస్తే ఆయనకు ఏం మిగులుతుందో ఆయనకు తెలుసు. డిపోలో ఒక మూల బల్ల, చీటీలు చించే పని, కుర్రవాళ్ళ సలాములు. కొండ ఎక్కడం ఉండదు.

"మొదటి ఆటలో రోడ్డు ఖాళీగా ఉండాది. మీరంతా సూసినారు. ఒక్క రాయి లేదు. ఈ ఒక్కరోజు పోయొస్తా. రేపు డాక్టరు దగ్గరికి పోతా" అన్నాడు. ఆయన గొంతు మొదటిసారి అడుక్కుంటున్నట్టు వినిపించింది.

వరదమ్మ వద్దనలేదు. "సరే పోదాం" అంది. "నేను గూడా వస్తా. ఎడమ పక్క మొదటి సీట్లో కూర్చుంటా."

దేవరాజులు సీటు మీద నుంచి తువ్వాలు తీసుకున్నాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. ఆమె బెదిరించడం లేదని ఆయనకు తెలుసు. ఐరాల పిల్ల, కూర్చుంటానంటే కూర్చుంటుంది.

ఇద్దరూ కలిసి డిపోకు నడిచారు. కంట్రోలరు గోవిందస్వామి అలవాటుగా, "ఆటలో ఏముండాది దేవరాజులన్నా?" అని అడిగాడు.

"రోడ్డు బాగుండాది. నేను బాగలేను" అన్నాడు దేవరాజులు. "నాకు ఎడమ కన్ను లేదు సామీ. ఎప్పటి నుంచి లేదో తెలవదు. నన్ను ఘాట్ మీదికి పంపొద్దని రాసుకో."

గోవిందస్వామి రాసుకున్నాడు. రెండు గంటల బస్సు ధనంజయకు ఇచ్చాడు. శాంతయ్య కూడా వచ్చి, తనకు మధ్యాహ్నం డ్యూటీలు వద్దనీ పొద్దున పూట వేయమనీ అడిగితే, ఎందుకని అడక్కుండా అదీ రాసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, ఎడమ కన్ను తిరిగి రాదని, కుడిదాన్ని మందులతో కాపాడుకోవచ్చనీ, ఇంకో ఆరునెలలు ఆగి ఉంటే అదీ పోయేదనీ చెప్పాడు. దేవరాజులు మందు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని ఇంకో డాక్టరుకు చూపించి సరిచూసుకుంటాననలేదు.

ఇంటికి పోబుద్ధి కాలేదు. సాయంత్రం అయిదింటికి వరదమ్మతో మళ్ళీ ఆ సందుకే వచ్చి, అంగడి ముందు బల్ల మీద కూర్చున్నాడు. లోపల తగువు యథాప్రకారం నడుస్తోంది. రంగు రంగే అని ఒకరు, రోడ్డు రోడ్డే అని ఒకరు. బాలసుబ్రమణ్యం బయటికొచ్చి భయంభయంగా అడిగాడు.

"నువ్వు చెప్పు సామీ. రెండోది మొదటిదాని మాదిరి ఉండాదా, లేదా?"

"లేదు" అన్నాడు దేవరాజులు. "రెండూ ఉంచుకో. అమ్మబాకు" అన్నాడు.

ఆరు దాటాక ధనంజయ వచ్చాడు. చొక్కా తడిసి ముద్దగా ఉంది. ఎవరినీ పలకరించకుండా కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, దేవరాజులు ముందు నేల మీదే కూలబడ్డాడు.

"ఈపొద్దు నిదానంగా దిగినానన్నా. పొద్దున సూసింది మనసులో పడి, ప్రతి వంపుకూ ముందే బ్రేకు తొక్కతా వచ్చినా. లోపలోళ్ళు ఎద్దులబండిరా ఇది అని నవ్వినారు" అన్నాడు. "మోకాలి మెట్టు కాడ వంపు తిరిగినాక కొండకు నడిచి పోయేవోళ్ళు రోడ్డు మీదనే కూర్చోనుండారు. ముసిలోళ్ళు, ఆడోళ్ళు, పది మంది దాకా. కాళ్ళు నొప్పులని నీడలో కూర్చున్నారంట. ఆ చివరామె చీరకొంగుకూ నా టైరుకూ ఇంతే ఉండాది." ధనంజయ రెండు చేతులూ దగ్గరగా పెట్టి చూపించాడు.

లోపలి వాళ్ళు తగువు వదిలి గుమ్మంలోకి వచ్చారు.

"ఏ పక్కన?" అని అడిగాడు దేవరాజులు.

ధనంజయ తలెత్తలేదు. "నీకు తెలుసు గదన్నా."

దేవరాజులు మెడను పూర్తిగా ఎడమకు తిప్పాడు. గడ్డం భుజానికి తగిలేదాకా తిప్పాక అక్కడ వరదమ్మ కనబడింది. క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, ఆయన భుజానికి భుజం ఆనించినంత దగ్గరగా కూర్చుని ఉంది. ఎన్నాళ్ళుగా ఆమె ఆ పక్కన అలా ఉంటోందో, తాను ఎన్నాళ్ళుగా చూడలేదో తలుచుకుంటే ఆయనకు కళ్ళు రెండూ నిండాయి.